జోడు మీగడ

మెదక్ బస్టాండ్ ఎదురుగా ఉన్న వజ్రమ్మ పాల హోటల్లో చాయ్ అడిగితే పైన మీగడ వేసి ఇస్తారు. అడక్కపోయినా వేస్తారు. వద్దన్నవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు. జూన్ నెల రెండో శనివారం, పొద్దున పదింటికి, ఒకమ్మాయి వచ్చి వద్దంది.

"అన్నా, ఒక చాయ్. మీగడ వెయ్యొద్దు."

శశిధర్ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "అన్నా" అన్నందుకా, "వెయ్యొద్దు" అన్నందుకా అని అడిగితే, రెండింటికీ. బస్టాండ్ చుట్టుపక్కల అందరూ అతన్ని అన్నా అనే పిలుస్తారు. ఇరవై ఎనిమిదేళ్లకే ఊరందరికీ అన్న అయిపోయినందుకు ఏనాడూ బాధపడలేదు. ఆ రోజే మొదటిసారి బాధపడ్డాడు.

బయట సన్నగా తుంపర పడుతోంది. ఆ అమ్మాయి కళ్లద్దాలు తీసి చున్నీ కొసతో తుడుచుకుంటూ అతని వైపు చూసింది. అద్దాలు లేవు కాబట్టి ఆమెకు అతను మసక మసకగా కనిపించి ఉంటాడు. అతనికి మాత్రం ఆమె మహా స్పష్టంగా కనిపించింది.

"మేడమ్, మీగడ లేని చాయ్ మా దగ్గర ఉండదు."

"తీసేస్తె ఉంటది గదా?"

"తీసేస్తె అది చాయ్ కాదు, రంగు నీళ్లు."

"నాకు రంగు నీళ్లే కావాలె."

ఇంత మాట్లాడుకున్నా, చేతికి అలవాటైన పని కదా, శశిధర్ మీగడ వేసే ఇచ్చాడు. ఆమె నిట్టూర్చి చెంచాతో దాన్ని తీయబోయింది. మీగడ రెండు ముక్కలైంది. మళ్లీ తీయబోతే నాలుగైంది.

"గిది గూడ చినిగిందా!" అంది ఆమె తనలో తాను. "నా చేతులే గిట్లున్నయ్."

ఆ కళ్లలో నీళ్లు చూసి శశిధర్ హడలిపోయాడు. ఆ హోటల్లో మీగడ తిని లావైనవాళ్లున్నారు, మీగడ కోసం కొట్లాడినవాళ్లున్నారు. ఏడ్చినవాళ్లు లేరు. గబగబా ఆమె గ్లాసు తీసుకుని ఇంకో చాయ్ పోశాడు. పాలగిన్నె అంచున గరిటె ముంచి, పాల కిందికి జారవిడిచి, ఏటవాలుగా పైకి లేపాడు. అరచేయంత మీగడ ఎక్కడా ముడత పడకుండా గరిటె మీదికి వచ్చింది. దాన్ని పక్కన పళ్లెంలో పరిచాడు.

"తీసేసిన మేడమ్. ఇగ ఏడువకుండ్రి."

ఆమె చాయ్ వంక చూడనే లేదు. పళ్లెం వంకే చూస్తోంది. "అన్నా, అది మళ్లొకసారి చెయ్యి."

"ఏది?"

"ఇప్పుడు చేసింది. జర మెల్లగ చెయ్యి."

చేశాడు. మళ్లీ అడిగింది. మళ్లీ చేశాడు. అంతలో బయట నుంచి చంద్రకాంత్ గొంతు వినబడింది. అతను షేర్ ఆటో నడుపుతాడు. పదో మనిషి ఇరుక్కుని కూర్చుంటే తప్ప బండి కదిలించడు. "పాపన్నపేట! పాపన్నపేట! ఒక్క సీటు!"

ఆమె బ్యాగు భుజాన వేసుకుని పరుగెత్తింది. చాయ్ అలాగే ఉంది. శశిధర్ దాన్ని చల్లారేదాకా ఎవరినీ తీయనివ్వలేదు.

తర్వాతి శనివారం ఆమె ఒక నోట్‌బుక్కుతో దిగింది.

"పాలు ఎంతసేపు కాగబెడ్తరు? మంట ఎంత పెడ్తరు? మీగడ మందం ఎంతుంటది? కింద పెట్టే పళ్లెం స్టీలుదా?"

ప్రతి జవాబునూ పూసగుచ్చినట్టు రాసుకుంది. గల్లా దగ్గర కూర్చున్న వజ్రమ్మ ఇదంతా చూస్తోంది. ఆమె శశిధర్ తల్లి, హోటల్‌కు యజమాని. ఆమె కంట పడనిది ఆ బస్టాండ్‌లో ఏదీ ఉండదు. కొడుకును సైగ చేసి వంటింట్లోకి పిలిచింది.

"ఆ పిల్ల ఎవరనుకుంటున్నవ్‌రా?"

"చాయ్ తాగనీకె వచ్చిందమ్మా."

"చాయ్ తాగేటోళ్లు మీగడ మందం అడుగుతరా? హోటళ్లు చెకింగ్ చేసే మేడమ్ ఆమె. ఆ కండ్లద్దాలు జూస్తె తెలుస్తలేదా?"

శశిధర్ గుండె జారింది. చెకింగ్ భయం కొంత. తనకోసం కాదు, చెకింగ్ కోసం వస్తోందన్న దిగులు మిగతాది.

మూడో శనివారానికి హోటల్ రూపురేఖలు మారిపోయాయి. ప్రతి గిన్నె మీదా మూత పడింది. వజ్రమ్మ పెళ్లిళ్లకు కట్టుకునే చీర కట్టుకుంది. మేడమ్ మీగడ గురించే ఆరా తీసింది కాబట్టి, బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసిన "జోడు మీగడ" అన్న మాట మీద గోనెసంచి వేలాడింది.

జోడు మీగడ అంటే ఆ హోటల్లో శనివారం ఒక్కరోజే చేసే మిఠాయి. శశిధర్ తాత కుర్రతనంలో పట్నం పాతబస్తీలో నేర్చుకుని వచ్చింది. ఒక మీగడ పొర, దాని మీద పిస్తా, చక్కెర పొడి సన్నగా, దాని మీద ఇంకో మీగడ పొర. అంతే. చెప్పడానికి ఇంత తేలిక, చేయడానికి పాణం పోతుంది.

"ఒక ప్లేట్ జోడు మీగడ," అంది ఆ అమ్మాయి వచ్చి కూర్చుంటూనే.

"అసొంటిది మా దగ్గర దొరకదు మేడమ్," అంది వజ్రమ్మ వినయంగా.

ఆమె లేచి బయటికి వెళ్లి గోనెసంచి ఎత్తి చూసింది. "మరి గిదేంది?"

శశిధర్‌కు ఇక దాచడం చేతకాలేదు. "మీరు చెకింగ్ మేడమ్ కాదా?"

ఆమె ఒక్క క్షణం నోరు తెరిచి, ఆ తర్వాత బల్ల పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లద్దాలు మళ్లీ తుడుచుకోవాల్సి వచ్చింది. "నా పేరు రిషిత. మాది పాపన్నపేటనే. హైదరాబాద్‌ల ఫిజిక్స్‌ల పీహెచ్‌డీ చేస్తున్న. మీ జోడు మీగడే నేను చేస్తున్న, కాకపోతె జరంత చిన్నగ."

"ఎంత చిన్నగ?"

"కంటికి కనవడనంత."

ఆ రోజు వాన గట్టిగా పట్టుకోవడంతో హోటల్లో మరెవరూ లేరు. వజ్రమ్మ మనసు తేలికపడి జోడు మీగడ తెచ్చి పెట్టింది. శశిధర్ స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. రిషిత చెంచా కొసతో మీగడ పొరలు చూపిస్తూ మొదలుపెట్టింది.

"పెన్సిల్ ముల్లు ఉంటది గదా? అండ్ల కార్బన్ పొరలు పొరలుగ ఉంటది. అసొంటిది ఒక్కటే పొర ఉంటె, దాన్ని గ్రాఫీన్ అంటరు. మందం ఒక్క పరమాణువంత. నేను కింద ఒక గ్రాఫీన్ పెడ్త. దాని మీద అణువులు ఒక్క వరుస, నాటేసిన వరి తీర్గ నిలవడ్తయ్. వాటి మీద ఇంకో గ్రాఫీన్."

"జోడు మీగడ!"

"గదే. అప్పుడు కింది పొరకెళ్లి పై పొరకు కరెంటు ఎంత వోతుందో కొలవాలె."

"నడుమ వైరు లేదు గదా, ఎట్ల వోతది?"

రిషిత ముఖం వెలిగింది. ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. "వైరు లేకున్నా వోతది. ఆ అణువులు జూడనీకె అడ్డం గోడ లెక్క ఉంటయ్. ఎలక్ట్రాన్‌కు ఆ గోడ ఎక్కే బలం ఉండదు. ఎక్కదు, పలగ్గొట్టదు. అయినా ఈ దిక్కున్నది ఆ దిక్కు తేలుతది."

"గదెట్ల?"

"అంత చిన్నగున్నది ఫలానా కాడనే ఉన్నదని చెప్పరాదు. ఈడ ఉంటది. జరంత ఆడ గూడ ఉంటది."

శశిధర్ బీకాం చదివాడు. అందులో ఒక్క ముక్కా గుర్తు లేదు. కానీ ఈ ముక్క అతనికి బాగా అర్థమైంది. పోయిన వారమంతా అతను ఇక్కడే ఉన్నాడు, కొంచెం హైదరాబాద్ బస్సులో కూడా ఉన్నాడు.

"కని గోడ సన్నగుంటెనే," అంది రిషిత. "అణువు జరంత పొడుగైతె చాలు, కరెంటు పదో వంతుకు పడిపోతది. దూరం ఎక్కువ ఉండొద్దు. అట్లని రెండు పొరలు ముట్టుకోవద్దు. ముట్టుకుంటె షార్ట్."

శశిధర్ తమ మధ్య ఉన్న బల్లను కళ్లతో కొలిచి, స్టూలు కొంచెం ముందుకు జరుపుకున్నాడు. గల్లా దగ్గర వజ్రమ్మ దగ్గింది.

"మరి ఏడ్చిండ్రెందుకు ఆ రోజు?"

రిషిత చెంచా కింద పెట్టింది. "ఫిబ్రవరి సంది నలభై ఆరు చేసిన. నలభై ఆరూ షార్ట్. పై పొర యాడనో ఒక కాడ ముడత వడ్తది, చినుగుతది, కింది దానికి అంటుకుంటది. ఆగస్టు ఇరవైకి రివ్యూ ఉంది. అప్పటికి ఒక్కటన్న పనిచెయ్యకుంటె మా సార్ టాపిక్ మార్చమంటుండు. మూడేండ్ల పని మట్టిల గలుస్తది."

అలా మొదలైంది. జూలై అంతా శనివారాలే. మిగతా ఆరు రోజులు శనివారానికి దారి మాత్రమే. ఆమె బస్సు దిగి వచ్చేది, వానతోపాటు. నర్సాపూర్ అడవి దాటేటప్పుడు కిటికీలోంచి పడిన చినుకులు ఇంకా జుట్టులో ఉండేవి. ఆ వారం చేసినవి ఎన్ని షార్ట్ అయ్యాయో చెప్పేది. అతను చాయ్ ఇచ్చేవాడు, మీగడ తీసేసి. తీసిన మీగడను ఆమె ఎదురుగానే పళ్లెంలో పరిచేవాడు. ఆమె గడ్డం కింద చేయి పెట్టుకుని అతని వేళ్లు చూసేది. ఆ చూపు తన వేళ్ల మీదే ఉందా, మీగడ మీదే ఉందా అని అతను రాత్రికి పడుకునేదాకా ఆలోచించేవాడు.

ఒక శనివారం ఆమె "అన్నా" అనడం మానేసింది. ఏ శనివారమో ఆమెకు తెలియదు. అతనికి తెలుసు. జూలై పదకొండు.

నెలాఖరు శనివారం ఆమె ఫోన్లో ల్యాబ్ వీడియో చూపించింది. గాజు గిన్నెలో నీళ్లు. నీళ్ల మీద గోరంత పొర తేలుతోంది. గ్రాఫీన్ కనబడదు, దాన్ని మోసే పల్చటి ప్లాస్టిక్ పొరే కనబడుతోంది. రిషిత చేయి దాని కిందికి, కింది పొరా అణువులూ ముందే అమర్చిన చిన్న బిళ్లను పోనిచ్చి, అచ్చం అతని గరిటెలాగే ఏటవాలుగా లేపింది. పొర బిళ్ల మీదికి వచ్చింది.

"నీ దగ్గరనే నేర్సుకున్న," అంది గర్వంగా. "అయినా షార్టే."

"మంచిగనే లేపిండ్రు," అన్నాడు శశిధర్. అని ఆగిపోయాడు. వీడియోలో ఆమె ఆ బిళ్లను తీసుకెళ్లి వేడి పలక మీద తిన్నగా, బల్లపరుపుగా పెట్టేసింది. నీళ్లు ఎటు పోవాలి? పైన పొర, కింద పొర, మధ్యలో చిక్కుకున్న నీళ్లు. వేడికి అవి దారి వెతుక్కుని పై పొరను ఉబ్బిస్తాయి. తాత అతని చేతికి మొట్టమొదట నేర్పింది అదే. మీగడ లేపడం సగం పని. పళ్లెం ఒక పక్కకు వాల్చి, తడి ఒకే దిక్కు నుంచి మెల్లగా దిగిపోయేదాకా ముట్టుకోకుండా ఉండడం మిగతా సగం.

ఆ మాట నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే రిషిత అంది: "ఇది పనిచేసిందనుకో, ఇగ శనివారం గూడ ల్యాబ్‌లనే. ఒక్కటి సాలదు, వరుసబెట్టి చెయ్యాలె. ఇంటికి వచ్చుడు దసరాకే."

శశిధర్ నోరు మూసుకున్నాడు.

"ఏందో చెప్పబోయినవ్?"

"ఏం లేదు. చాయ్ సల్లారుతుంది."

ఆ వారం అతనికి చేదుగా గడిచింది. చేతిలో మీగడ రెండుసార్లు చినిగింది, పదేళ్లలో ఎన్నడూ చినగనిది. తను ఒక్క మాట చెబితే ఆమె మూడేళ్ల పని నిలబడుతుంది. చెబితే ఆమె రాదు. చెప్పకపోతే వస్తుంది, ప్రతి శనివారం, ఏడుపు మొహంతో. ఆ మొహం తలుచుకుంటే అతనికి తన మీద తనకే రోత పుట్టింది. ఒకమ్మాయి ఓడిపోతుంటే చూస్తూ, ఆ ఓటమి పుణ్యాన ఆమె ఎదురుగా కూర్చోవడం ప్రేమ ఎట్లా అవుతుంది?

ఆగస్టు మొదటి శనివారం ఆమె బస్సు దిగేసరికి అతను వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. చాయ్ కూడా ఇవ్వకుండా వంటింట్లోకి తీసుకెళ్లాడు. గూట్లో పళ్లెం ఒకటి గోడకు వాల్చి ఉంది. దాని మీద మీగడ. కింది అంచు నుంచి ఒక్కో చుక్క దిగుతోంది.

"మీరు తిన్నగ పెడ్తున్నరు. నీళ్లు నడుమనే చిక్కుతున్నయ్. వాల్చి పెట్టుండ్రి. ఒక్క దిక్కుకెళ్లి దిగాలె. అవి దిగేదాంక ముట్టొద్దు, మంట మీద పెట్టొద్దు. తొందర పెడ్తె ఉబ్బుతది."

రిషిత ఆ చుక్కల వైపే చూస్తూ ఉండిపోయింది. ఆమె పెదవులు కదిలాయి. "ఉత్త గ్రాఫీన్‌కు తిన్నగ పెట్టినా నడుస్తది... గందుకే పుస్తకాలల్ల గట్ల రాసిండ్రు. నా అణువులకు నీళ్లంటె పడదు... నీళ్లు గుంపుగ నిలుస్తయ్..." గిరుక్కున తిరిగింది. "హైదరాబాద్ బస్సు ఎన్నింటికి?"

"ఇప్పుడే వచ్చిండ్రు గదా! ఇంటికి వోరా?"

"అమ్మకు ఫోన్ చేస్త!"

అంటూనే రోడ్డు దాటేసింది. వచ్చిన బస్సే తిరిగి వెళుతోంది, అందులోకే ఎక్కింది. కిటికీలోంచి చేయి ఊపిందేమో, వాన జల్లు వల్ల అతనికి సరిగా కనబడలేదు.

ఆ తర్వాత ఆరు శనివారాలు ఆమె రాలేదు. ఆగస్టు ఇరవై వచ్చింది, పోయింది. బోర్డు మీద హోటల్ నంబరు ఉంది, ఆమె చేయలేదు. ఆమె నంబరు అడగడానికి ఇతనికి ఎనిమిది శనివారాలు చాలలేదు. పాపన్నపేట ఆటోలు నిండాయి, కదిలాయి. శశిధర్ రోజూ ఒక గ్లాసు చాయ్‌లో మీగడ తీసేసి, ఎవరికీ ఇవ్వకుండా తానే తాగాడు. నిజంగానే రంగు నీళ్లలా ఉంది.

ఏడో శనివారం ఎండ కాసింది. మధ్యాహ్నం పూట అతను బల్ల తుడుస్తుంటే ఎదురుగా ఒక బ్యాగు వచ్చి పడింది.

"ఆ దినం సంది కొత్తగ నలభై ఎనిమిది చేసిన," అంది రిషిత, ఆయాసపడుతూ. "నలభై ఒకటి పనిచేసినయ్! ఒక్కొక్కటి వాల్చి పెట్టి ఆరేదాంక ఆగుడు, కొలుసుడు, మళ్ల చేసుడు. రివ్యూల మా సార్ కుర్చీలకెళ్లి లేచి నిలవడ్డడు. మా ల్యాబ్‌ల అందరు దాన్ని మెదక్ పద్ధతి అంటున్నరు. ఫోన్ల చెప్పబుద్ధి కాలే, ఎదురుంగ చెప్దామని ఆగిన."

ఫోన్లో ఏదో గీత చూపించింది. వైరు లేకుండా గోడ దాటిన కరెంటు అట. శశిధర్‌కు ఆ గీత ఒక కొండలా కనిపించింది, చాలా అందమైన కొండ. సంతోషంతో దాన్ని మళ్లీ మళ్లీ చూశాడు. ఆ సంతోషమే అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

"ఒక మాట చెప్పాలె. మీరు వీడియో చూపిచ్చిన్నాడే నాకు ఎరుకైంది. వారం ఆపి చెప్పిన."

రిషిత నవ్వు ఆగిపోయింది. "ఏంది?"

"ఆ రోజే చెప్పొచ్చు. చెప్పలే."

"రివ్యూకు ఇరవై ఆరు రోజులుంటె... అండ్ల ఏడు రోజులు... నేను ఆ వారం ఎన్ని చెడగొట్టుకున్ననో ఎరుకేనా నీకు? ఎందుకు ఆపినవ్?"

"పనైతె మీరు మళ్ల రారని."

రిషిత బ్యాగు తీసుకుంది. ఆమె ముఖం ఎర్రబడింది. గబగబా గడప దాకా నడిచింది. బయట చంద్రకాంత్ అరుస్తున్నాడు. "పాపన్నపేట! ఒక్క సీటు! ఒక్కటే సీటు!"

"బిడ్డా," అంది వజ్రమ్మ, గల్లా దగ్గరి నుంచి కదలకుండానే. "ఎక్కేటట్టుంటె ఎక్కు. మావోడు చేసింది తప్పే, నేను కాదంట లేను. కని జూన్ల సంది జూస్తున్న. ఆ మొదటి రోజు తప్పిస్తె, ఒక్క శనివారం గూడ నువ్వు మొదటి ఆటో ఎక్కలె. మూడు వోయినంక లేస్తవ్. వాడు వారం దినాలు దాసిండు. నువ్వు దాసేదేందో జర చెప్పి ఎక్కు."

రిషిత గడప మీదే ఆగింది. తర్వాత ఆమె వెనక్కి వచ్చి, బ్యాగు బల్ల మీద పెట్టి, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది.

"నాకు మస్తు కోపంగ ఉంది, శశీ."

"ఉండనీ. ఏడికి వోకుండ ఈడనే కూసోని కోపం చెయ్యి." 'మీరు' వదిలి 'నువ్వు'లోకి వచ్చేశానని అతనికి అన్న తర్వాతే తెలిసింది.

"పొద్దుగూకేదాంక ఉంటది."

"నేను గూడ ఉంట."

ఆమె అతన్ని పైకీ కిందికీ చూసింది. తర్వాత బల్ల వంక చూసింది. "ఈ బల్ల ఎంత వెడల్పుంటది?"

"రెండు ఫీట్లు."

"రెండు ఫీట్ల గోడకు కరెంటు రాదు. చెప్పిన గదా." లేచి, తన స్టూలు తీసుకొచ్చి అతని స్టూలు పక్కన వేసుకుని కూర్చుంది. ఇద్దరి మోచేతుల మధ్య బెత్తెడు ఖాళీ ఉంది. అంతే చాలింది. శశిధర్ చెవులు కొసల దాకా వేడెక్కాయి.

"ఇగ చాయ్ తే. మీగడ వేసి తే. అండ్ల అంత ఏముందో జూస్త."

వజ్రమ్మ లేచి తానే పాలగిన్నె దగ్గరికి నడిచింది, కొడుకును లేవొద్దని చేత్తో సైగ చేస్తూ.

బయట చంద్రకాంత్ మూడుసార్లు హారన్ కొట్టాడు. లోపలికి తొంగి చూశాడు. పక్కపక్కన ఉన్న రెండు స్టూళ్లూ చూశాడు. ఆ తర్వాత, అతని సర్వీసులో మొదటిసారిగా, ఒక సీటు ఖాళీ ఉండగానే ఆటో స్టార్ట్ చేశాడు.